తొమ్మిది తల ఎగిరిపోయిన ఉదయం

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో ఒక పాత మేడ. మూడో అంతస్తులో, తొమ్మిదో నంబరు వాటాలో ఒంటరిగా ఉండే వ్లాస్తా ఆ ఉదయం ప్లమ్ పళ్ళ కుడుములు చేద్దామని పిండి కలుపుతోంది. పలచటి గోడ అవతల, ఎనిమిదో నంబరులోంచి రదీమ్ అనే కుర్రాడి గొంతు వినిపించింది.

"తొమ్మిది తల ఎగిరిపోయింది. ఆ పని చేసింది పక్కనున్న పదే!"

వ్లాస్తా చేతులు ఆగిపోయాయి. పదో నంబరులో ఉండేది ఒతకార్. మొన్నమొన్నటిదాకా మాంసం కొట్టు నడిపిన మనిషి.

"సాక్ష్యం చెప్పాల్సిన ప్రష్యన్ ఎప్పుడో చచ్చిపోయింది. ఇవాళ అందరి ముందూ అంతా బయటపెడతాను."

ఆవిడ గడియ వేసి, తలుపుకు అడ్డంగా బీరువా జరిపింది. అంతలో గంట మోగింది.

"వ్లాస్తా గారూ, నేనే, ఒతకార్ని! మీ కత్తికి పదును పెట్టి తెచ్చాను. తలుపు తీయండి."

ఆవిడ కెవ్వుమంది. లోపల దొంగలు పడ్డారనుకుని ఒతకార్ భుజంతో తలుపు గుద్దసాగాడు. ఆవిడ పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళు మెట్లెక్కి వచ్చేసరికి ఒతకార్ రెండు చేతులూ పైకెత్తాడు. కత్తి కూడా పైకి లేచింది.

"ఎనిమిదిలో కుర్రాణ్ణి అడగండి! తొమ్మిది తల పది ఎగరగొట్టిందనీ, సాక్షి ప్రష్యన్ చచ్చిపోయిందనీ వాడే అన్నాడు!" వ్లాస్తా లోపల్నుంచి అరిచింది.

సగం కట్టిన టైతో రదీమ్‌ను బయటికి లాక్కొచ్చారు.

"అవి మాటలండీ! మన చెక్ భాషకు తల్లిలాంటి పాత స్లావు భాషలో అంకెల పేర్లు! తొమ్మిది పేరుకు ఒకప్పుడు తలలో 'న' ఉండేది. లెక్కపెట్టేటప్పుడు వెనకే వచ్చే పదికి 'ద' కదా, ఆ ఊపులో తొమ్మిదికీ 'ద' అంటుకుంది. అందుకే మనం తొమ్మిదిని దెవ్యెత్, పదిని దెసెత్ అంటున్నాం!"

"మరి చచ్చిన ప్రష్యన్ ఎవరు?" పోలీసామె గద్దించింది.

"మనిషి కాదండీ, భాష! అందులో 'న' పోలేదు. ఇవాళే నా పరిశోధనకు మౌఖిక పరీక్ష, పొద్దున దానికే వల్లె వేసుకున్నాను. ఆలస్యమైతే నా చదువంతా మట్టిలో కలిసినట్టే!"

వ్లాస్తా బీరువా జరిపి బయటికొచ్చింది. "అయ్యో నాయనా, నీ కొంప ముంచానే!"

పోలీసు బండి సైరన్ మోగించుకుంటూ విశ్వవిద్యాలయానికి దూసుకుపోయింది. "ఇంత హైరానా పడ్డాం, ఆ పది ఏం చేసిందో పూర్తిగా వినే పోదాం," అంది పోలీసామె. రదీమ్ వెనకే పోలీసులిద్దరూ, ఒతకార్, వ్లాస్తా హాల్లోకి నడిచారు.

అభ్యర్థుల్ని ఏడిపించనిదే వదలడని పేరుమోసిన ప్రొఫెసర్ హొరాలెక్ పోలీసుల్ని చూసి, తన కోసమే వచ్చారనుకుని, నోట్లో మాట నోట్లోనే మింగాడు. రదీమ్ చెప్పాల్సిందంతా చెప్పి ముగించాడు. పట్టా ఏకగ్రీవంగా ఇచ్చేశారు.

హొరాలెక్ ఆ రోజు అడిగింది ఒకే ఒక ప్రశ్న, ఈ హాలుకు వెనక తలుపు ఉందా అని.