మౌస్ సౌకర్య నిర్ధారణ సంఘం

ప్రభుత్వ కార్యాలయంలో సౌకర్యం అనేది అనుభవించేది కాదు, నిర్ధారించేది. ఈ సంగతి తెలియక, భద్రాచలం అడవి దారిలోని ఒక మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ తబితా తన మౌస్ బాగాలేదని నోరు తెరిచి చెప్పేసింది.

ఆమె బాధలో న్యాయం ఉంది. పోడు పట్టాల దరఖాస్తులన్నీ ఆమే తెరిచి చూడాలి. మౌస్ మధ్యలోని చక్రాన్ని నొక్కితే దరఖాస్తు వేరే ట్యాబ్‌లో తెరుచుకోవాలి. ఆ నొక్కు పడేది కాదు, మామూలుగా నొక్కితే ఉన్న పేజీలోనే తెరుచుకునేది. వెనక్కి వస్తే గూడేలవారీ జాబితా మళ్లీ మొదటి గూడెం దగ్గర నిలబడేది. అక్కడినుంచి చక్రం తిప్పుకుంటూ కిందికి దిగాలి, ఆ చక్రమూ మొరాయించేది. మణికట్టు వాచిపోయి సాయంత్రానికి అన్నం కలుపుకోవడం కూడా కష్టమయ్యేది. పని తగ్గితే కాంట్రాక్టు పొడిగించరు. ఆ భయం ఆమెను మణికట్టు కంటే ఎక్కువ బాధపెట్టేది.

సూపరింటెండెంట్ జయరాజ్ మంచివాడు. (మంచివాళ్లు లేకపోతే సంఘాలు ఎవరు వేస్తారు?) వెంటనే 'మౌస్ సౌకర్య నిర్ధారణ సంఘం' వేసి తానే అధ్యక్షుడయ్యాడు. కుర్చీ అయినా ఫ్యానయినా ముందు పెద్ద హోదావాళ్లు వాడి బాగుందనాలి, తర్వాతే కిందివాళ్లకు రావాలి. ఆ ఆఫీసు ఆచారం అది.

బస్టాండు దగ్గర దుకాణం నడిపే అహ్మద్ పాషా సంచీ నిండా మౌసులు తెచ్చి బల్ల మీద పరిచాడు. సభ్యులు హోదా క్రమంలో ఒక్కొక్కరే వచ్చి, మౌస్‌ను అరచేతి కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి అభిప్రాయం చెప్పారు. వైరు కంప్యూటర్‌కు తగిలించి చూపిస్తానన్నాడు పాషా. కంప్యూటర్ ప్రభావం పడితే పరీక్ష నిష్పాక్షికంగా ఉండదని సంఘం వారించింది. తబితా వరుసలో ఆఖరున నిలబడింది గానీ, ఆమె లబ్ధిదారు కాబట్టి అభిప్రాయం చెల్లదన్నారు.

సభ్యులందరివీ పెద్ద పెద్ద చేతులు. ఏకగ్రీవంగా ఎంచిన మౌస్ చిన్న తాబేలంత ఉంది.

తబితా దాని మీద చెయ్యి వేసింది. వేలు చక్రం దాకా పోలేదు. అందుకుందామని చెయ్యి ముందుకు జరిపితే మణికట్టు గాల్లో వేలాడింది. పాషా సర్దుకుంటున్న సంచీలోంచి ఒక చిన్న మౌస్ తీసి తగిలించి చూసింది. ప్రాణం లేచొచ్చింది.

"సార్, నా చెయ్యి చిన్నది. గిది మంచిగ తిరుగుతుంది, నొక్కు గూడ పడుతుంది. గిదే ఇప్పియ్యుండ్రి," అన్నది.

జయరాజ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "పెద్దదే బాగున్నదని అందరం సంతకాలు పెట్టినం గదమ్మా. ఇప్పుడు నువ్వు గిట్లంటే, మా చేతులు తప్పంటవా?"

తప్పనే ధైర్యం ఆమెకు లేదు. (ధైర్యానికి కాంట్రాక్టులో చోటు లేదు.)

సంఘం మళ్లీ కూర్చుని, లోపం మౌస్‌లో లేదని తేల్చింది. మౌస్‌లో లేని లోపం దాన్ని పట్టుకునేవాళ్లలోనే ఉండాలి. అందుకని తబితా చేస్తున్న ఆపరేటర్ పోస్టుకు డిగ్రీ, తెలుగు టైపింగ్‌తో పాటు 'మౌస్‌కు సరిపడు హస్తం' అనే అర్హత చేర్చి ప్రకటన ఇచ్చారు. అరచేతి ఫొటోలతో దరఖాస్తులు కుప్పలుగా వచ్చాయి.

ఆఫీసులో ఉన్నది ఒక్క ఆపరేటరే కాబట్టి వాటిని తెరిచి చూసే పని తబితాకే పడింది. రోజూ మధ్యాహ్నం జయరాజ్ ఆమె దగ్గరికి వచ్చి, వాచిన మణికట్టును చూసి జాలిపడేవాడు.

"జర జల్దీ చూడమ్మా. కొత్త మనిషి వస్తే నీకీ కష్టం తప్పుతది."