కిటికీలో ముప్ఫై ఒకటి

ఆ బుధవారానికి క్లైవ్ మాడిగన్ పెద్ద పథకాలేమీ వేసుకోలేదు. ఎనిమిదిన్నరకి కుళ్లిన దవడపన్ను పీకించుకోవాలి. పదింటికి సెలూన్ తెరవాలి. పన్నెండింటికి ఫర్గస్ టెనాంట్‌కి జుట్టు కత్తిరించాలి. సాయంత్రం ఏడున్నరకి ఆటగాళ్ల మార్పిడి గడువు ముగిసేదాకా రేడియో పక్కన కూర్చోవాలి. అరవై రెండేళ్ల మనిషికి ఇంతకంటే నిండైన రోజు ఉండదు.

సెప్టెంబరులో ఫుటీ, అంటే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆట, ముగుస్తుంది. అక్టోబరులో అసలు ఆట మొదలవుతుంది. ఏ క్లబ్బు ఎవర్ని వదులుకుంటుంది, బదులుగా ఎవర్ని తెచ్చుకుంటుంది అన్నదాని మీద మెల్‌బోర్న్ నగరమంతా రెండు వారాలపాటు పనీపాటా మానేసి వాదించుకుంటుంది. వారింగా పేటలో అయితే ఆ వాదనంతా క్లైవ్ సెలూన్‌లోనే. కుర్చీలో కూర్చుని, మెడకి గుడ్డ కట్టించుకుని, కదల్లేని స్థితిలో ఉన్నప్పుడు మనిషికి అభిప్రాయాలు బాగా వస్తాయి. పేట జట్టు వారింగా కొంగలు ఈ ఏడు కూడా పద్నాలుగో స్థానంలో మిగిలారు కాబట్టి అభిప్రాయాలకి కొదవేమీ లేదు.

ఈ విషయాల్లో క్లైవ్ మాటకి విలువెక్కువ. అతని బావమరిది క్లబ్బు మైదానంలో గడ్డి కోస్తాడు. ఆ గడ్డిలోంచి ఏరి తెచ్చిన రహస్యాలని క్లైవ్ పదకొండేళ్లుగా పంచిపెడుతున్నాడు. వాటిలో ఒక్కటీ నిజం కాలేదు. అయినా ఎవరేం అడిగినా "నాకు తెలీదు" అన్న మాట మాత్రం అతని నోటివెంట ఏనాడూ రాలేదు. జనానికి అంతకుమించిన రుజువు అక్కర్లేకపోయింది.

ఇక ఫర్గస్ సంగతి. పద్దెనిమిదేళ్ల వయసులో టాస్మానియా నుంచి వచ్చిన కుర్రాడికి మొదటి మ్యాచ్ ముందురోజు జుట్టు కత్తిరించింది క్లైవే. మ్యాచ్ గెలిచాక ఆ కుర్రాడు బురద కొట్టుకుపోయిన తన ముప్ఫై ఒకటో నంబరు జెర్సీని తెచ్చి క్లైవ్ చేతిలో పెట్టాడు. ఆ క్షణం నుంచి అది సెలూన్ కిటికీలో వేలాడుతోంది. పిల్లల్లేని క్లైవ్‌కి ఫర్గస్ అంటే ప్రాణం. ఆ జెర్సీని ఇన్నేళ్లలో ఒక్కసారీ ఉతకనివ్వలేదు. ఉతికితే అదృష్టం పోతుందట. "పద్నాలుగో స్థానంలో ఉన్న జట్టుకి పోవడానికి అదృష్టమెక్కడిది?" అని అతని భార్య నొలీన్ ఏడాదికోసారి అడిగేది.

ఈ అక్టోబరులో దేశానికి అవతలి చివరనున్న పెర్త్ క్లబ్బు ఒకటి ఫర్గస్‌ని అడిగింది. మంచి జీతం, మూడేళ్ల ఒప్పందం. అతను సరేనంటేనే బేరం కుదురుతుంది. రెండు వారాల క్రితం కుర్చీలో కూర్చుని ఫర్గస్ చెప్పాడు. "వెళ్లను క్లైవ్. నీ కిటికీలో నా నంబరు ఉన్నన్నాళ్లూ నేనిక్కడే." క్లైవ్‌కి కళ్లు చెమర్చాయి. ఆ మాటని అతను ఆ సాయంత్రానికల్లా నలభై మందికి చెప్పాడు. మిగతా పేటకి ఆ నలభై మంది చెప్పారు.

బుధవారాలు సెలూన్ ఊడ్చేది నొలీన్. ఆ రోజు ఎనిమిదింటికి ఆమె కిటికీ తుడుస్తుంటే జెర్సీ చంకలోంచి చిమ్మటలు రెండు బయటికి ఎగిరాయి. మొగుడు పన్నుడాక్టరు దగ్గరికి వెళ్లాడు. పదకొండేళ్లలో ఇలాంటి అవకాశం ఎన్నడూ రాలేదు. ఆమె జెర్సీని సంచిలో కుక్కుకుని, ఆరు ట్రాము స్టాపుల అవతల ఉన్న ఇంటికి పట్టుకెళ్లి, ఉతికి, పెరట్లో తీగ మీద ఆరేసి, మనసు తేలికపడి పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట ఆడ్డానికి వెళ్లిపోయింది. ఆటలో ఉన్నప్పుడు ఆమె ఫోన్ తియ్యదు.

ఎనిమిది యాభైకి ట్రాము నడిపే డంకన్ ఆ కిటికీ ముందు ఆగాడు. చూశాడు. పచ్చలైటు వెలిగినా బండి కదల్లేదు.

క్లైవ్ పదింటికి సందులో కారు పెట్టి వెనక తలుపు గుండా సెలూన్‌లోకి వచ్చాడు కాబట్టి కిటికీ వంక చూడలేదు. నోట్లో సగభాగం చెక్కలా ఉంది. మధ్యాహ్నం రెండుదాకా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. మాట్లాడదామన్నా పెదవి వినే స్థితిలో లేదు. పక్కన కూరగాయల కొట్టు నడిపే స్టావ్రోస్, నొలీన్ తెరిచి వెళ్లిన ముందు తలుపు గుండా వచ్చి, అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నిజమేనా?" అన్నాడు స్టావ్రోస్.

ఏది నిజమో క్లైవ్‌కి తెలీదు. తెలీదని ఒప్పుకునే అలవాటూ లేదు. కనుబొమలు పైకెత్తి, నోరు పనిచేయడం లేదని చెప్పడానికి పెదవి మీద వేలు పెట్టి చూపించాడు.

"రహస్యమా? సరే. నేనెవరికీ చెప్పను" అంటూ స్టావ్రోస్ గుడ్డ కింద ఫోన్ తీశాడు.

పది నిమిషాల్లో సెలూన్ నిండిపోయింది. జుట్టు పెరిగినవాళ్లు ఇద్దరే. బట్టతలవాళ్లు కూడా బెంచీ మీద వరసలో కూర్చున్నారు. ఇంత గిరాకీ ఎందుకొచ్చిందో క్లైవ్‌కి అంతుపట్టలేదుగానీ, గౌరవం గౌరవమే కదా అని కత్తెర ఆడిస్తూ అందరికీ గంభీరంగా తల ఊపాడు. షిఫ్టు దిగి డంకన్ యూనిఫారంతోనే వచ్చేసరికి వాదన మంచి ఊపులో ఉంది.

"కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వరసలో మనకి పదకొండో చోటు ఇస్తారట" అన్నాడు డంకన్.

"పదకొండా? తొమ్మిదో చోటైనా ఇవ్వకపోతే పంపొద్దు" అన్నాడు స్టావ్రోస్.

"మనిషిరా వాడు, నీ టమాటా కాదు. సాయంత్రమయ్యేకొద్దీ ధర తగ్గడానికి."

"మనిషికీ తగ్గుతుంది. అందుకే పొద్దున్నే అమ్మాలంటున్నా. వాడికి ఇరవై తొమ్మిది దాటాయి. మోకాలు చూశావా?"

"ఆ మోకాలితో ఇంకో ఏడాది కూడా లాగలేడు" అన్నాడు డంకన్. అతను సొంత మోకాళ్ల కారణంగా మేడ మీది గదిని అద్దెకిచ్చేసిన మనిషి.

"మనసున్న కుర్రాడు, పాపం. మనసుతో గోల్ పడదు కదా. పదకొండూ, దానితో పాటు పొడుగాటి పిల్లాడొకడూ వస్తే పండగే" అన్నాడు స్టావ్రోస్.

ఎవరి గురించి ఇదంతా అని అడగాలని క్లైవ్‌కి మహా ఆత్రంగా ఉంది. కానీ అడిగితే తెలీదని ఒప్పుకున్నట్టే. తల ఊపాడు. ఆ ఊపు చూసి బెంచీ మీదివాళ్లు పొడుగాటి పిల్లాడు కూడా ఖాయమే అనుకున్నారు. ముందు కాసేపు విచారంగా ఉన్నవాళ్లు ఇప్పుడు వచ్చే ఏడాది ఫైనల్ టికెట్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

అంతలో రేడియోలో మాట వినిపించింది. "వారింగా నుంచి అత్యంత నమ్మకమైన వర్గాల సమాచారం ప్రకారం..." క్లైవ్ చేతులాగిపోయాయి. తనకంటే నమ్మకమైన వర్గం వారింగాలో ఇంకొకటి ఎలా పుట్టిందా అని రేడియో చప్పుడు పెంచాడు. "ఫర్గస్ టెనాంట్ పెర్త్ వెళ్లడం ఖాయం. అతని జెర్సీని పదకొండేళ్లుగా కిటికీలో ఉంచిన సెలూన్ యజమాని ఈ ఉదయం దాన్ని స్వయంగా తీసేశారు. ఎవరడిగినా మౌనంగా తల ఊపుతున్నారు."

క్లైవ్ గిరుక్కున కిటికీ వైపు తిరిగాడు. చేతిలో కత్తెర కూడా తిరిగింది. స్టావ్రోస్ ఎడమ చెవి మీద ఉండాల్సిన జుట్టు నేల మీద పడింది. కిటికీలో ఒట్టి కొక్కెం ఉంది.

ఈ పని చేయగల మనిషి ప్రపంచంలో ఒక్కతే. క్లైవ్‌కి వెంటనే అర్థమైంది. నొలీన్‌కి ఫోన్ చేశాడు, ఆమె తియ్యలేదు. జనం వైపు తిరిగి రెండు చేతులూ ఊపుతూ, అది అబద్ధమని అరవబోయాడు. నోట్లోంచి ఒక మూలుగు, కాస్త చొంగ మాత్రం వచ్చాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తున్నాడు పాపం" అన్నాడు డంకన్, టోపీ తీస్తూ. "సొంత కొడుకులా చూసుకున్నాడు. ఎవరూ ఏమీ అడక్కండి."

సరిగ్గా పన్నెండింటికి ఫర్గస్ వచ్చాడు. గుమ్మంలో ఆగి కిటికీలోని కొక్కేన్ని చాలాసేపు చూశాడు. అంతవరకూ అతని మోకాలికి ధర కట్టినవాళ్లందరూ లేచి నిలబడి, ఫోటోలు దిగి, అతనిలాంటి ఆటగాడు మళ్లీ పుట్టడన్నారు. స్టావ్రోస్ సగం గొరిగిన తలతోనే అతన్ని కౌగిలించుకున్నాడు. ఒక్కరు కూడా ఉండిపొమ్మనలేదు.

ఫర్గస్ కుర్చీలో కూర్చున్నాడు. "ఒంటిగంటకల్లా పెర్త్‌కి జవాబు చెప్పాలి క్లైవ్" అన్నాడు మెల్లగా. "పొద్దున్నదాకా వెళ్లనే అనుకున్నా. కార్లో రేడియో విన్నా. నువ్వలా చెయ్యవులే అనుకున్నా. మోకాలి గురించి నీకు క్లబ్బులో ఎవరైనా చెప్పారా? నాతో అనలేక తీసేశావా? ఏం పర్లేదు, చెప్పు."

క్లైవ్ తల అడ్డంగా ఆడించాడు. అపాయింట్‌మెంటు పుస్తకంలోంచి కాగితం చింపి పెద్ద అక్షరాలతో రాశాడు. "నేను తియ్యలేదు. నొలీన్ ఉతకడానికి తీసుకెళ్లింది."

ఫర్గస్ చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత నవ్వాడు, కానీ ఆ నవ్వులో ఉల్లాసం లేదు.

"పదకొండేళ్లుగా నీళ్లు తగలనివ్వలేదు నువ్వు. కిందటేడు దుమ్ము దులుపుతానంటే నన్నే తిట్టావు. ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా క్లైవ్?" కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నన్ను బాధపెట్టకూడదని రాశావు. నాకు తెలుసు. నువ్వు చాలా మంచివాడివి."

జుట్టు కత్తిరించుకోకుండానే లేచి, ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. క్లైవ్ వీధి చివరిదాకా అతని వెంట పరిగెత్తాడు, చేతిలో కత్తెరతో. మద్దతుదారుడు ఆటగాణ్ణి కత్తెరతో తరిమిన ఫోటో ఒంటిగంటకల్లా నగరమంతా తిరిగింది. ఫర్గస్ సంతకం కూడా ఒంటిగంటకే అయిపోయింది.

రెండింటికి నోరు వచ్చింది. బౌల్స్ నుంచి నొలీన్ కూడా ఇంటికి వచ్చింది. క్లైవ్ తీగ మీది జెర్సీ ఫోటో తీయించి పంపి, ఫోన్ చేశాడు.

"నిజంగానే ఉతికిందా?" అన్నాడు ఫర్గస్ అవతలి నుంచి.

"నిజంగానే ఉతికింది."

"అంత తెల్లగా ఉండేదని నాక్కూడా గుర్తు లేదు" అన్నాడు ఫర్గస్. "మళ్లీ కిటికీలో పెట్టు క్లైవ్. ఈసారి చిమ్మటమందు వెయ్యి."

నొలీన్ ఇస్త్రీ చేసి తెచ్చిన జెర్సీని క్లైవ్ కొక్కేనికి తగిలించి, కస్టమర్లు కూర్చునే కుర్చీలో తానే కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు. నొలీన్ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఉతకడం తప్పని మాత్రం ఆమె ఒప్పుకోలేదు.

ఏడున్నరకి వార్త అధికారికమైంది. పదకొండో చోటు, పొడుగాటి పిల్లాడు, అన్నీ జనం చెప్పినట్టే. ఎనిమిదయ్యేసరికి స్టావ్రోస్, డంకన్, సగం పేట సెలూన్‌లో ఉన్నారు. స్టావ్రోస్ తలకి టోపీ ఉంది.

"పొద్దున పదింటికే ఈయనకి తెలుసు. రేడియోవాళ్లకంటే ముందు" అన్నాడు స్టావ్రోస్ గర్వంగా. "ఇప్పుడు చెప్పు క్లైవ్. తర్వాత ఎవరు వెళ్తున్నారు?"

క్లైవ్ తెల్లటి జెర్సీ వంక చూశాడు. "నాకు తెలీదు" అన్నాడు.

డంకన్ స్టావ్రోస్‌కి కన్నుగీటి, పెదవి మీద వేలు పెట్టుకున్నాడు. పదకొండేళ్లలో క్లైవ్ సెలూన్‌లో పలికిన మొదటి నిజాన్ని వారింగాలో ఒక్కరూ నమ్మలేదు.