మెట్లెక్కగానే ఎడమ చేతి గది

ఆ శనివారం ఉదయం ఇన్‌స్పెక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గోడకు అవతల భార్య కుట్టు మిషను నడుపుతుంది. ఇవతల తను నిలబడి వింటాడు. చప్పుడు వినబడితే ఒక ఇల్లు కొనాలి, వినబడకపోతే ఇంకో ఇల్లు కొనాలి. మధ్యాహ్నం భోజనాల వేళకు ఇంటికి వచ్చేయవచ్చు.

ఇన్‌స్పెక్టరంటే పోలీసు కాదు, లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఎవరు ఎన్ని చెప్పినా సరే, బరువు వేసి పైకీ కిందికీ తిప్పి చూస్తే తప్ప సంతకం పెట్టడు. ఆయన సంతకం పడిన లిఫ్టులో కళ్లు మూసుకుని ఎక్కవచ్చని ఊళ్లో పేరు. అది ఊరికే వచ్చిన పేరు కాదు. ఇంట్లోనూ అదే వరస. కొత్త గొడుగు కొంటే స్నానాల గదిలో షవరు కింద పట్టుకుని చూస్తాడు. మొన్నటికి మొన్న కూతురి స్కూలు బ్యాగులో ఇటుకలు వేసి పట్టీలు లాగి చూశాడు. పట్టీలు నిలిచాయి, ఆయన నడుము పట్టేసింది.

ఆయన భార్యను వీధి వీధంతా టైలరక్క అంటారు. మనిషి నడిచి వస్తుంటే చూసి భుజాల కొలత చెప్పేయగలదు. ఆమె కుట్టిన చొక్కా తొడిగితే ఎంత నీరసంగా ఉండేవాడైనా కాస్త నిటారుగా నడుస్తాడు. ఆ చేతికి సాటి లేదు. ఆ మిషను చప్పుడుకూ సాటి లేదు. పాత ఇనుప మిషను, దానికి తగిలించిన మోటారు. అది కదిలిందంటే కింది వాటాలో గిన్నెలు గలగలలాడతాయి. కింది వాటా ఆయన కర్ర పుచ్చుకుని పైకప్పు పొడుస్తాడు. అందుకని మిషను కాళ్ల కింద దుప్పట్లు మడిచి పెట్టి, ఆయన బయటికి వెళ్లినప్పుడే కుట్టుకుంటుంది. కూతురు కిటికీ దగ్గర కాపలా ఉండి, "వెళ్లాడమ్మా!" అని కేకేయగానే మొదలు. "వస్తున్నాడమ్మా!" అనగానే సగం కుట్టులో ఆపు. ఇదివరకు రెండు అద్దె ఇళ్లు ఆ చప్పుడుకే పోయాయి. ఇప్పుడు మూడోదీ ఖాళీ చేయమన్నారు.

కొత్త కాలనీలో వాళ్లకు నచ్చినవి రెండు ఇళ్లు, రెండూ పక్కపక్కనే. ఒకటి విడి ఇల్లు. నాలుగు పక్కలా ఖాళీ, ఎవరితోనూ గోడ పొత్తు లేదు. కాకపోతే గదులు చిన్నవి, మిషను పెట్టుకోవాలంటే మెట్ల కిందే చోటు. రెండోది జంట ఇంట్లో ఒక సగం. రెండు కుటుంబాలకు మధ్య ఒకటే గోడ. కానీ మేడ మీద గోడంత కిటికీతో పెద్ద గది ఉంది. మొదటిసారి చూసిన రోజు టైలరక్క నేరుగా ఆ గదిలోకి నడిచింది. కిటికీ ముందు నిలబడి, సంచిలోంచి సూది తీసి, దారం ఎక్కించి చూసింది. కళ్లద్దాలు లేకుండానే ఎక్కింది.

ఇన్‌స్పెక్టరుగారు అది చూశాడు. ఆయన మనసు ఆ గది మీదే పడింది. కానీ గోడ?

"మళ్లీ నువ్వు మిషను కింద దుప్పట్లు మడిచి పెడుతుంటే నేను చూడలేను," అన్నాడు. "విడి ఇల్లే తీసుకుందాం. చప్పుడు చేసుకో, పాట పాడుకో, అడిగేవాడుండడు."

"మెట్ల కింద కూర్చుని పాటేం పాడను?" అంది టైలరక్క. "గోడ మంచిదో కాదో మీకు మాత్రం ఏం తెలుసు?"

పరీక్ష పెట్టకుండా ఎలా తెలుస్తుంది? అలా పుట్టింది శనివారం పథకం. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలని ఇళ్లమ్మే అమ్మాయి గడువు పెట్టింది కూడాను.

ఆ అమ్మాయికి పరీక్ష సంగతి చెప్పలేదు. తనిఖీ అని ముందే తెలిస్తే గోడను సిద్ధం చేస్తారని ఇన్‌స్పెక్టరుగారి అనుమానం. గోడను ఎలా సిద్ధం చేస్తారని టైలరక్క అడగలేదు, పెళ్లయి చాలా కాలమైంది. గదులు కొలుచుకుంటామని తాళం పుచ్చుకున్నారు. దుప్పటి కప్పిన మిషనును చెరోపక్కా పట్టుకుని మేడ ఎక్కించారు. జీవితమంతా లిఫ్టుల మధ్య గడిపిన మనిషి ఆ మెట్ల మీద ఒక్కో మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"జాగ్రత్తగా విను," అన్నాడు రొప్పు తగ్గాక. "మెట్లెక్కగానే ఎడమ చేతి గది మనది. అవతలి సగంలో కూడా మెట్లెక్కగానే ఎడమ చేతి గదిలో నేనుంటాను. మూడుసార్లు తడతాను. నువ్వు తిరిగి మూడుసార్లు తట్టి మొదలుపెట్టు. ఫోన్లు ఆపేయాలి. మధ్యలో మోగితే పరీక్ష చెడిపోతుంది."

"మీరు తట్టింది నాకు వినబడకపోతే?"

"వినబడకపోవడమేంటి? సుత్తి తెచ్చాగా!"

అవతలి సగం తలుపు తీసే ఉంది. అదృష్టం కలిసొచ్చిందనుకుని ఇన్‌స్పెక్టరుగారు మెట్లెక్కాడు, ఎడమ చేతి గదిలోకి నడిచాడు, చెవి గోడకు ఆనించాడు, మూడుసార్లు తట్టాడు. జవాబు లేదు. ఇంకాస్త గట్టిగా తట్టాడు. లేదు. చొక్కా చేతులు మడిచి సుత్తి ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే పక్కనున్న విడి ఇంట్లో ఒక హెడ్మిస్ట్రెస్‌గారు గదులు చూస్తోంది. ఈ మధ్యే పదవీ విరమణ చేసింది. ఉద్యోగమంతా పిల్లల గోల విన్న చెవులు, ఇక నిశ్శబ్దం తప్ప మరేమీ వద్దంటున్నాయి. ఇళ్లమ్మే అమ్మాయి, "వినండి మేడమ్, ఎంత ప్రశాంతంగా ఉందో!" అనడం, ధన్ ధన్ ధన్‌మని గోడ మోగడం ఒకేసారి జరిగాయి. విడి ఇల్లన్న మాటే గానీ, ఆ ఇంటికీ జంట ఇంటికీ మధ్య సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరగాలి.

"ఏంటా చప్పుడు?"

అమ్మాయి మొహం పాలిపోయింది. "అయ్యో! పొద్దున అవతలింటి తాళం ఒక డ్రైవరుగారికిచ్చాను. ఇల్లు చూసుకుంటానన్నారు. ఇంతవరకూ తిరిగి రాలేదు. ఏ గదిలోనో ఇరుక్కుపోయినట్టున్నారు!"

కాలనీలో పని చేయిస్తున్న మేస్త్రికి కబురు వెళ్లింది. మేస్త్రి సందులోకి దూరి, పైకి చూస్తూ, "లోపలెవరండీ? ఇరుక్కుపోయారా?" అని గొంతు చించుకున్నాడు. గోడకు చెవి ఆనించి ఉన్న ఇన్‌స్పెక్టరుగారికి ఏదో సన్నని కేక వినిపించింది. మాటలు తెలియలేదు. పాపం భార్య తట్టడానికి ఏమీ దొరక్క కేకేస్తోంది కాబోలనుకున్నాడు. అందిందన్నట్టు మూడుసార్లు హుషారుగా కొట్టాడు.

"అవునంటున్నాడు!" అని మేస్త్రి పరుగెత్తాడు. వెనక పనివాళ్లు గడ్డపారతో, వాళ్ల వెనక అమ్మాయి నీళ్ల బకెట్టుతో, అందరికంటే వెనక హెడ్మిస్ట్రెస్‌గారు గొడుగుతో. బకెట్టు ఎందుకో అమ్మాయికీ తెలియదు. కంగారులో చేతికి దొరికింది.

ఇంతమంది అడుగుల చప్పుడు విని ఇన్‌స్పెక్టరుగారు గది బయటికి వచ్చాడు. ఎదురుగా కుడి చేతి గది తలుపు వేసి ఉంది. చప్పుడు అందులోంచేమోనని తోసి చూశాడు. నేల మీద, గోడ వారగా, ఒక భారీ మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు.

"మనిషి పడిపోయాడు! ఎవరైనా రండి!" అని ఆయన అరిచేసరికి మేస్త్రి మెట్లెక్కేశాడు.

"కొట్టీ కొట్టీ సొమ్మసిల్లాడు పాపం," అన్నాడు మేస్త్రి. గడ్డపారకు పని లేకుండా పోయిందని పనివాళ్లు డీలా పడ్డారు. బకెట్టుకు మాత్రం పని దొరికింది.

నీళ్లు పడగానే ఆ మనిషి దిగ్గున లేచి కూర్చుని, "ఆఖరి స్టాపు! అందరూ దిగండి!" అన్నాడు.

ఆయన రాత్రి బస్సు డ్రైవరు. రాత్రంతా తోలి, పగలు పడుకోవాలి. ఇప్పుడుండే చోట పక్కింటి రేడియో ఆయన కన్ను మూయనివ్వదు. అలాగని కళ్లు మండుతూ బస్సు తోలితే వెనకున్న ప్రాణాలేం కావాలి? అందుకే కొనబోయే ఇంట్లో నిద్ర పడుతుందో లేదోనని ఆ గోడ పక్కనే పడుకుని చూశాడు. పట్టింది. ఆయన కూడా పరీక్ష పెట్టనిదే నమ్మే మనిషి కాదు. ఇలాంటివాళ్లు లోకంలో ఇద్దరున్నారని తెలిసి ఇన్‌స్పెక్టరుగారికి ముచ్చటేసింది.

"మీరు నిద్రపోతుంటే మరి గోడ కొట్టిందెవరు?" అంది హెడ్మిస్ట్రెస్‌గారు. ఆమె చూపు గది చుట్టూ తిరిగి ఇన్‌స్పెక్టరుగారి కుడి చేతి మీద ఆగింది. "ఏంటది?"

"సుత్తండి," అన్నాడాయన, తెలియకుండానే నిటారుగా నిలబడి.

"ఎందుకు తెచ్చావు?"

"పరీక్షకండి."

"ఏ పరీక్షకైనా సుత్తి తెస్తారా? వెళ్లి ఆ మూల నిలబడు."

ఆయన రెండడుగులు మూలకు వేసి, తన వయసు గుర్తొచ్చి ఆగాడు. హెడ్మిస్ట్రెస్‌గారు గొడుగు ఊపుతూ మెట్లు దిగింది. "నేను విడి ఇల్లు తీసుకుంటున్నానమ్మాయ్. ఇల్లు నిక్షేపంలా ఉంది. గోడలు బాదే మనిషి రోజూ వస్తాడా ఏంటి?" అనడం అందరికీ వినిపించింది. అమ్మాయి ఏదో చెప్పబోయి, కాస్త దగ్గి, కాగితాలు తేవడానికి పరుగెత్తింది.

విడి ఇల్లు అలా పోయింది. ఇన్‌స్పెక్టరుగారి చేతిలో మిగిలింది జంట ఇల్లు, తేలని పరీక్ష, సుత్తి. రేపు ఆ డ్రైవరు కూడా కర్ర పుచ్చుకుంటే? టైలరక్క మళ్లీ దుప్పట్లు మడుస్తుందా?

అప్పుడు వచ్చింది టైలరక్క. చేతి మీద కుట్టడం పూర్తయిన కర్టెన్ల దొంతర. తడిసిన డ్రైవరునూ, గడ్డపారనూ, ఖాళీ బకెట్టునూ వరసగా చూసింది.

"ఏమండీ, ఏంటిదంతా? మీరు తడతారని చూసీ చూసీ, విసుగొచ్చి నేనే మొదలుపెట్టేశాను. ఆర్డరంతా అయిపోయింది కూడా."

"తట్టలేదా! సుత్తి విరిగేలా కొట్టాను! ఇక్కడ ఇంతమందిమి అరిచాం. నీకేం వినబడలేదా?"

"చీమ చిటుక్కుమన్నది కూడా వినబడలేదు." ఆమె సుత్తి వైపు చూసింది. "ఏ గోడ మీద కొట్టారు?"

"మెట్లెక్కగానే ఎడమ చేతి గదిలో."

టైలరక్క అటు చూసింది, ఇటు చూసింది, నవ్వింది. ఎగతాళి నవ్వు కాదది. ఆ మనిషి అంటే ఇష్టమున్న నవ్వు.

"చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు పెట్టి కత్తిరిస్తే ఏమవుతుందండీ? రెండూ ఎడమ చేతులే అవుతాయి. ఈ ఇళ్లూ అంతే, ఎదురుబొదురు కొలతలు. నాకు ఎడమైతే మీకు కుడి. మీరు బాదింది అటు సందు వైపు గోడ." డ్రైవరు వైపు తిరిగింది. "అన్నా, మీరు ఈ గోడ పక్కనేనా పడుకున్నది?"

"ఇదేనమ్మా. తల దీనికే ఆనించి పడుకున్నా."

"నా మిషను మీ తలకు అవతలే నడిచింది. ఏమైనా వినిపించిందా?"

"మిషనా? అమ్మా, ఇంత నిద్ర నేను పోయి ఎన్నాళ్లయిందో తెలుసా? మీరు రోజూ నడుపుకోండి. నీళ్లు మాత్రం పోయకండి."

టైలరక్క వెళ్లి ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్‌స్పెక్టరుగారు కాగితాలతో తిరిగొచ్చిన అమ్మాయి దగ్గర్నుంచి కాగితం తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి, తను తప్పుగా పెట్టిన పరీక్షకు సంతకం చేశాడు. ఎంత తప్పుగా పెట్టినా రెండిళ్లనూ ఒకేసారి పరీక్షించిన మనిషి ఆయనొక్కడే.

ఇప్పుడు ఆ మేడ గదిలో మిషను ఎప్పుడు పడితే అప్పుడు నడుస్తోంది. కూతురు కిటికీ దగ్గర కూర్చుంటే అది బొమ్మలు వేసుకోవడానికే. దుప్పట్లు మంచం మీద ఉన్నాయి. గోడకు అవతల డ్రైవరు గుర్రు పెట్టి నిద్రపోతాడట, ఆ గుర్రు కూడా ఇవతలికి రాదు. ఇన్‌స్పెక్టరుగారు ఎడమ చేతి గదో కుడి చేతి గదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, తన ఇంట్లోనూ, డ్రైవరు అడిగితే ఆయన సందు వైపు గదిలోనూ గోడలకు పటాలు తగిలిస్తున్నాడు. ఒక్కో మేకు కొట్టి, దానికి ఇటుకలు వేలాడదీసి, ఊడితే మళ్లీ కొడతాడు.

ఆ వీధిలో చప్పుడు మీద ఇప్పటిదాకా వచ్చిన ఫిర్యాదు ఒక్కటే, అది విడి ఇంటి నుంచి.