ఏది వచ్చినా తిరిగి ఇచ్చేయాలి

ఆ సోమవారం పొద్దున ఫ్లోరెన్స్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లగానే కొత్త రూలు ఆఫీసువాళ్లకూ, కాంట్రాక్టర్లకూ మెయిల్ చేయాలి, ఆ తర్వాత ప్రశాంతంగా కాఫీ తాగాలి. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో వృద్ధాశ్రమాలు నడిపే ఒక కంపెనీలో ఆమె కాంప్లయెన్స్ మేనేజరు, అంటే అందరూ నియమాలు పాటిస్తున్నారో లేదో కనిపెట్టుకుని ఉండే మనిషి. అదీ తాత్కాలికంగా. ఈ తెలుగావిడ అంతకుముందు డునెడిన్ అనే ఊళ్లో నర్సు. నైట్ డ్యూటీల పుణ్యమా అని మోకాళ్లు అరిగిపోయాయి. మళ్లీ ఆ వార్డు మొహం చూడకూడదన్నదే ఆమె కోరిక.

ఈ మధ్య ఆమె ఒక కోర్సు చేసి సంక్లిష్ట వ్యవస్థల సంగతి వంటబట్టించుకుంది. మనుషులు యంత్రాలు కారు, రూల్స్ పెంచేకొద్దీ పక్కదారులు వెతుక్కుంటారు. కాబట్టి చిన్న రూలు ఒక్కటి పెట్టి, జనం ఎలా మసలుతారో గమనించాలి. అందుకని కానుకల మీద ఉన్న నలభై పేజీల నిబంధనలు పక్కన పడేసి ఒకే వాక్యం రాసింది: "మనకూ, మనతో వ్యాపారం చేసేవాళ్లకూ మధ్య ఏది వచ్చినా, పుచ్చుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేయాలి." పేజీలంటే ప్రాణం పెట్టే బాస్ అలిసన్ పెదవి విరిచింది.

"వచ్చే వారం శుక్రవారం దాకా చూస్తా. పనిచేస్తే నీ ఉద్యోగం పర్మనెంట్. లేదంటే మళ్లీ వార్డుకే," అంది.

మెయిల్ వెళ్లిన కాసేపటికే రామారావు ఒక స్టీలు డబ్బా తెచ్చి రిసెప్షన్‌లో పెట్టి వెళ్లాడు. ఆశ్రమాల దుప్పట్లు ఉతికే కాంట్రాక్టుకు టెండరు వేసిన పెద్దమనిషి ఆయన. మనవడి పుట్టినరోజని భార్య కోటేశ్వరమ్మ సున్నుండలు చేసింది. పాపం, ఆయన ఇంకా మెయిల్ చూడలేదు. ఫ్లోరెన్స్ మీటింగులోంచి బయటికొచ్చేసరికి డబ్బాలో మిగిలింది నేతి వాసన మాత్రమే.

సాయంత్రం ఇంట్లో ఆమె డబ్బా కడిగి తుడిచింది. "రేపు తిరిగి ఇచ్చేస్తానండీ. రూలు."

"ఇవ్వు. కానీ ఖాళీ డబ్బా ఇస్తావా?" అన్నాడు భర్త ఆశీర్వాదం. "మీ అమ్మ వింటే ఏమంటుంది?"

ఎంత చదివినా ఖాళీ డబ్బా ఇవ్వడానికి ఆమెకు చెయ్యి రాలేదు. పెరట్లో విరగకాసిన చెట్టు నుంచి నాలుగు నిమ్మకాయలు కోసి అందులో వేసింది. నిమ్మకాయలు కానుకేమిటిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మర్నాడు డబ్బా ఇల్లు చేరేసరికి అవతల రామారావు మెయిల్ చదివాడు. "కొంప మునిగింది! వాళ్లది మనమూ ఏదీ ఉంచుకోకూడదట. ఆ నిమ్మకాయలు ఇచ్చెయ్యాలి."

"అయ్యో, పిండేశానండీ," అంది కోటేశ్వరమ్మ. "పులిహోర కలిపి పంపుతా లెండి. వాళ్ల నిమ్మకాయలు వాళ్లకే పోతాయి."

పులిహోరను అకౌంట్స్ వాళ్లు ఫోర్కులతో ఒక పట్టు పట్టారు. డబ్బా మళ్లీ ఖాళీ. ఫ్లోరెన్స్ ప్లమ్ కేకు చేసి పంపింది. దాన్ని మనవలు తినేశారు గనుక బొబ్బట్లు వచ్చాయి, డబ్బాలో పట్టక రెండు గిన్నెల క్యారియర్‌లో వచ్చాయి. రెండు గిన్నెలు వచ్చాక ఒక్కటే నింపితే మర్యాదేం ఉంటుంది? ఫ్లోరెన్స్ ఇంటి నుంచి గులాబీ పువ్వులనే పిండివంట, కట్‌లెట్లు వెళ్లాయి. వారం తిరిగేసరికి నాలుగు గిన్నెల క్యారియర్ ఊరంతా తిరుగుతోంది, ఆఫీసులో సగం మంది లంచ్ తెచ్చుకోవడం మానేశారు. రూలు మాత్రం ఎవరూ తప్పలేదు.

గడువు శుక్రవారం రానే వచ్చింది. అలిసన్ పిలిచింది. గదిలో రామారావు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆయన తెచ్చిన క్యారియర్, రిసెప్షన్ దాటేసరికే ఖాళీ అయింది.

"నువ్వు ఈయన దగ్గర ఏదో ఆశిస్తున్నావని ఫిర్యాదు," అంది అలిసన్.

ఫ్లోరెన్స్ రామారావు వైపు తిరిగింది. "నేనా? అంకుల్, నేనేం అడిగాను?"

"ఏం చెయ్యనమ్మా," అన్నాడు రామారావు తలెత్తకుండా. "నువ్వు రెండు పంపితే నాలుగు కావాలంటున్నావేమో అనుకున్నాం. మీ ఆంటీకి నడుం పట్టేసింది. ఇవాళ్టివి కొనుక్కొచ్చా. టెండరు వెనక్కి తీసుకున్నానమ్మా, ఇక మమ్మల్ని వదిలెయ్యి."

ఫ్లోరెన్స్‌కు ఏడుపొచ్చినంత పనైంది. లేచి బోర్డు మీద ఒక గుండ్రం గీసింది. "ఆఫీసు రూలు, వచ్చింది తిరిగి ఇవ్వాలి. మా వాళ్ల రూలు, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు. విడివిడిగా రెండూ మంచివే. కలిసేసరికి పిల్లల్ని పెట్టాయి. తప్పు అంకుల్‌ది కాదు, నా తెలివిది."

అలిసన్ బోర్డు దగ్గరికి వచ్చింది. "మీ ఇద్దరిలో ఒకరు ఖాళీగా ఇస్తే ఆగిపోతుందా?"

"ఖాళీగానా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. అలిసన్ తనే క్యారియర్ తీసుకెళ్లి కడిగి, తెచ్చి రామారావు చేతిలో పెట్టింది. అంత ఖాళీ క్యారియర్ ఆయనకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

"నువ్వు చెప్పేది ఇన్నాళ్లూ నాకు ఎక్కలేదు," అంది ఫ్లోరెన్స్‌తో. "నా నలభై పేజీల్లో ఇలాంటి గొడవ ఎక్కడా లేదు, నువ్వు ఒక్క గుండ్రంలో చూపించావు. ఉద్యోగం నీదే."

తర్వాతి వారం క్యారియర్ మళ్లీ వచ్చింది, ఈసారి అలిసన్ పేరు మీద. ఫ్లోరెన్స్ మోకాళ్ల సంగతి మరిచి మెట్లు దిగి పరుగెత్తింది.

"అంకుల్, రూలు!"

"అది వ్యాపారం చేసేవాళ్లకి కదమ్మా? నేను తప్పుకున్నాగా," అన్నాడు రామారావు హాయిగా. "నడుం సర్దుకున్న దగ్గర్నుంచీ మీ ఆంటీది ఒకటే గోల. ఖాళీ క్యారియర్ ఇచ్చిందంటే ఆ మేడమ్ ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదేమో, పాపం, అని."

ఫ్లోరెన్స్ పైకి వచ్చేసరికి అలిసన్ మూడో గిన్నె దగ్గర ఉంది. వేళ్లు తుడుచుకుంటూ, "ఇందులో పావ్లోవా కేకు పడుతుందా?" అని అడిగింది.

పట్టలేదు, అందుకని అలిసన్ ఇంకా పెద్ద క్యారియర్ కొంది.