మొసలి కోటకు పసుపు బొట్టు

సహాయమనేది అడిగినవాడికల్లా ఇచ్చేస్తే దాని విలువ పడిపోతుందనీ, కాబట్టి దాన్ని భద్రంగా దాచి, అవసరం లేనివాడికి మాత్రమే అందజేయాలనీ నాగరిక సమాజాలన్నీ ఏనాడో తీర్మానించుకున్నాయి. ఆ తీర్మానాన్ని తు.చ. తప్పకుండా అమలు చేసిన ఘనత మాత్రం బాపట్ల కేంద్రంగా వెలసిన లినక్స్ సాధకుల సంఘానికే దక్కింది. (మన ప్రభుత్వ కార్యాలయాలు కూడా గట్టి పోటీయే ఇచ్చాయి గానీ, అక్కడ అప్పుడప్పుడూ పొరపాటున పని జరిగిపోతుంటుంది.)

లినక్స్ అంటే ఎవరూ అమ్మని, ఎవరూ కొనని, అందువల్ల ఎవరూ జవాబుదారీ కాని ఒక కంప్యూటరు వ్యవస్థ. తెనాలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పుకునే భరద్వాజకు దానితో పని పడుతుందని ఎవరూ అనుకోలేదు. చెల్లెలు మేఘన వల్ల పడింది.

అది 2006 వేసవి. మేఘనకు తొలి కాన్పు. ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి రావాల్సిన పిల్ల. డాక్టరమ్మ మాత్రం మంచం దిగొద్దంది, రైలు మాట అసలే ఎత్తొద్దంది. దాంతో రేపల్లెలో అత్తగారింటి లోపలి గదిలో ఉండిపోయింది. టీవీ హాల్లో ఉంది. మంచం గదిలో ఉంది. రెంటినీ కలిపే ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

"ఏం చేస్తున్నావే?" అని ఫోన్లో అడిగాడు భరద్వాజ.

"ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నానన్నయ్యా. మూడే ఉన్నాయి. మళ్లీ మొదట్నుంచీ లెక్కపెడుతున్నా. మన మొసలి కోట ఉంటే ఎంత బాగుండేది" అంది.

చిన్నప్పుడు తెనాలి స్టేషను రోడ్డులో ఒక వీడియో గేమ్ పార్లర్ ఉండేది. అన్నాచెల్లెళ్లిద్దరూ బడి నుంచి తిన్నగా అక్కడికే పోయి మొసలి కోట ఆడేవాళ్లు. కోటకు మూడు గుమ్మాలు. సరిగ్గా మూడో గుమ్మం దగ్గరకు వచ్చేసరికి పార్లరాయన "టైమైపోయింది, లేవండమ్మా" అని టీవీ కట్టేసేవాడు. ఆ గుమ్మం వెనక ఏముందో ఇద్దరికీ ఈనాటికీ తెలియదు. చెల్లెలు మంచం మీద ఉన్న ఈ కొద్ది రోజుల్లోనే దాని చేత ఆ గుమ్మం దాటించాలని భరద్వాజ పట్టుబట్టాడు. సింగపూరు నుంచి వస్తున్న స్నేహితుడొకడి చేత అరచేతిలో పట్టే ఆటల యంత్రం తెప్పించాడు. లినక్స్ మీద నడుస్తుంది. రెండు పెన్సిల్ సెల్లులు వేసి, ఆటలు నింపిన మెమరీ కార్డును పక్కనున్న సందులో దూరిస్తే పాత పార్లర్ ఆటలన్నీ అందులో ప్రత్యక్షమవుతాయని స్నేహితుడు చెప్పాడు. ఎలా నింపాలో కూడా తనే నింపి చూపించి వెళ్లాడు.

యంత్రం ఇంటికి రాగానే వాళ్లమ్మ సుందరమ్మ దాన్ని స్వాధీనం చేసుకుంది. కొత్త యంత్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇవ్వందే ఆవిడ మీట నొక్కనివ్వదు. మిక్సీకి అంతే, మోపెడ్‌కి అంతే. అయితే మోపెడ్‌కు ముందేదో వెనకేదో తెలుస్తుంది. దీనికి తెలియలేదు. అందుకని తడి పసుపు నాలుగు వైపులా దట్టంగా పట్టించింది.

"ఇప్పుడు వెయ్యి నాయనా" అంది.

భరద్వాజ కార్డు దూర్చి మీట నొక్కాడు. 'కార్డు లేదు' అని తెర మీద పడింది. తీసి మళ్లీ దూర్చాడు. యంత్రం తన మాట మీదే నిలబడింది.

నెట్ సెంటరుకు పోయి వెతగ్గా సాధకుల సంఘం వెబ్‌సైటు దొరికింది. మొదటి పేజీలోనే నిబంధనలున్నాయి. ప్రశ్న అడుగుటకు ముందు జవాబు వెతకవలెను. జవాబు దొరికినచో ప్రశ్న అడగరాదు. జవాబు దొరకనిచో వెతకడం చేతకానట్టు లెక్క. అట్టివారు ప్రశ్న అడుగుటకు అనర్హులు. చేరినవాళ్లకు కొంతకాలం సొంత పేరు కూడా ఉండదు. ఆడైనా మగైనా అందరూ 'నూతన సాధకుడు' అనే కనబడతారు. (పేరు సంపాదించుకోవాలి గానీ ఊరికే వస్తుందా? తల్లిదండ్రులు పెట్టింది సంఘానికి చెల్లదు.)

భరద్వాజ వినయంగానే రాశాడు. 'కార్డు పెట్టినా లేదంటోందండి. మా చెల్లెలి కోసం. కాస్త త్వరగా చెప్పగలరు.'

స్పందన అద్భుతంగా వచ్చింది. ఒకాయన 'వెతకండి' అన్నాడు. ఇంకొకాయన వెర్షను నంబరు రాయకుండా అడిగితే చెప్పడానికి మేమేమైనా సోదెగాళ్లమా అన్నాడు. మరొకాయన 'త్వరగా' అన్న మాట సంఘంలో నిషిద్ధమని గుర్తుచేశాడు. ఆ తర్వాత ఇద్దరు పెద్దలు అసలు కార్డులు మంచివా కావా అని మొదలుపెట్టి, పేజీల కొద్దీ తిట్టుకుని, ఒకరి గురువును ఒకరు ఎత్తిపొడుచుకున్నారు. చర్చ పక్కదారి పట్టినందుకు శిక్షగా భరద్వాజ ప్రశ్నకు తాళం పడింది, ఇక దాని కింద ఎవరూ జవాబు రాయడానికి లేదు.

ఇలా కాదని భరద్వాజ బాపట్ల వెళ్లి సంఘాధ్యక్షుడు బ్రహ్మయ్య ఇల్లు పట్టుకున్నాడు. బ్రహ్మయ్య టెలిఫోన్ల శాఖలో రిటైరైన మనిషి. ఫిర్యాదులు వినడంలో ముప్పయ్యేళ్ల అనుభవం ఉంది, సరిచేయడంలో కాదు. వరండాలో పెసరట్టు తింటున్నాడు.

"ఇదిగోండి, ఇదేనండి యంత్రం. ఒక్కసారి చూసిపెడితే..."

బ్రహ్మయ్య చూపు పెసరట్టు మీద నుంచి కదల్లేదు. "ఇంటి దగ్గర చూడకూడదు బాబూ. సైట్లో అడగండి."

"సైట్లో జవాబు చెప్పేది మీరే కదండీ?"

"అవునండి. అక్కడ వెతకమని చెప్తాను."

"వెతికానండి. దొరకలేదు."

"దొరక్కపోతే లేనట్టేగా. లేనిదాన్ని నేనెక్కణ్ణుంచి తెచ్చేది?" అని, లోపలికి తిరిగి "ఇంకాస్త అల్లప్పచ్చడి వెయ్యి" అన్నాడు.

భరద్వాజ తిరుగు రైలెక్కాడు. అతని తిప్పలన్నీ అలా సాగుతుండగానే మేఘన ఫ్యాను కింద కాన్పు రోజుల దాకా నెట్టుకొచ్చి ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా క్షేమమన్న కబురు విని సంతోషించాడు. ఇంట్లో బల్ల మీద పడి ఉన్న యంత్రాన్ని చూస్తే మాత్రం అతనికి ఏడుపొచ్చింది. దానితో పని ఉన్న రోజులు అయిపోయాయి. ఆ కోపంలో కార్డును ఒక్క గుంజు గుంజాడు. వేలికి పచ్చగా ఏదో అంటింది.

వాసన చూశాడు. అమ్మ పసుపే.

జేబురుమాలు కొసతో కార్డు తుడిచాడు, అగ్గిపుల్లకు దూది చుట్టి సందు తుడిచాడు. మొసలి కోట తలుపులు తెరుచుకున్నాయి. ఇంత చిన్న విషయం చెప్పడానికి ఒక సంఘం, ఒక అధ్యక్షుడు, అన్ని నిబంధనలూ ఉండి ఒక్కడికీ నోరు రాలేదు. అయినా భరద్వాజ మంచివాడు కాబట్టి ఇంకొకరికి పనికొస్తుందని సైట్లో విడిగా రాశాడు. 'కార్డు లేదంటే, పూజలో పసుపు సందులోకి వెళ్లిందేమో చూసి తుడవండి.'

మర్నాడు బ్రహ్మయ్య నుంచి వర్తమానం వచ్చింది. గుర్తింపు పొందిన లోపాల్లో పసుపు లేదు. ఏ దేశంలోనూ ఏ సాధకుడూ పసుపును పేర్కొనలేదు. కాబట్టి ఆ రాత సంఘం గౌరవానికి భంగకరం. అయితే మీరు స్వహస్తాలతో దాన్ని తుడిచివేసిన పక్షంలో, మీ క్రమశిక్షణకు మెచ్చి, మీకు తాళపు సాధకుడిగా పదోన్నతి కల్పించగలం.

భరద్వాజకు కాలేజీలో ఏనాడూ ప్రమోషన్ రాలేదు. రాసింది తుడిచేశాడు. (పసుపు కంటే తేలిగ్గా పోయింది.)

బారసాల నాడు యంత్రం రేపల్లె చేరింది. సైటు చుట్టూ తిరిగిన తిప్పలన్నీ చెల్లెలికి చెప్పాడు గానీ, అమ్మ పక్కనే ఉండడంతో పసుపు మాట ఎత్తలేదు భరద్వాజ. మేఘన కళ్లు మెరిశాయి. "పాప పడుకున్నప్పుడు ఆడుకుంటానన్నయ్యా. గుమ్మం దాటాక నీకే ముందు చెప్తా" అంది.

భరద్వాజ తెనాలి వచ్చి కొత్త కొలువులో స్థిరపడ్డాడు. కాలేజీ అయ్యాక నెట్ సెంటరులో కూర్చుని కొత్తవాళ్ల ప్రశ్నలకు తాళాలు వేసేవాడు. మొదట్లో తాళం వేసే ముందు ప్రశ్నను రెండుసార్లు చదివేవాడు. తర్వాత అలవాటైంది. అత్త అయిన కోడలికి ఆరళ్లు ఎలా పెట్టాలో ఎవరు నేర్పుతారు?

దసరా వెళ్లిన మర్నాడు ఒక నూతన సాధకుడి ప్రశ్న వచ్చింది. 'నమస్కారమండి, కార్డు లేదంటోంది' అన్నది మొదటి వాక్యం. కింద ఇంకొంచెం రాసి ఉంది. వెర్షను నంబరు లేని ప్రశ్నను మొదటి వాక్యం దాటి చదవనక్కర్లేదని నిబంధన. భరద్వాజ 'వెతకండి' అని రాసి, తాళం వేసి, టీ తాగడానికి లేచాడు.

పది రోజుల తర్వాత మేఘన ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నువ్వేమీ అనుకోనంటే ఒక మాట. ఆ ఆటల పెట్టె ఇచ్చేశాం."

"ఎవరికే?"

"పాత సామాన్లు తీసుకుని ప్లాస్టిక్ బకెట్లిచ్చే ఆయన వస్తాడు చూడు, ఆయనకి. ఆయుధపూజ రోజు మా అత్తయ్యగారు గ్రైండరుకీ, స్కూటరుకీ పెట్టి దానికీ పసుపు పెట్టారు. ఆ రోజు నుంచి కార్డు లేదంటోంది. మళ్లీ నిన్ను తిప్పలు పెట్టడం ఎందుకులే అని నేనే నెట్ సెంటరుకి పోయి, నువ్వు చెప్పిన సైట్లో అడిగా. అక్కడెవడో 'వెతకండి' అని తాళం వేసేశాడు. వెతికాగా, ఏమీ లేదు. ఇంక బాగవదేమో అనుకున్నాం."

భరద్వాజ ఫోను పెట్టకుండానే చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"మూడో గుమ్మం దాకా వచ్చానన్నయ్యా" అంది మేఘన. "పోన్లే. బకెట్ మంచిదే. పాప నీళ్లకి పనికొస్తోంది."

భరద్వాజ నెట్ సెంటరుకు పరుగెత్తి, తను చదవని మిగతా వాక్యాలు చదివాడు. పూజ, పసుపు, మూడో గుమ్మం అన్నీ అందులోనే ఉన్నాయి. తాళం తీయబోతే కుదరలేదు. వేసే అధికారమే అతనిది, తీసేది బ్రహ్మయ్యది. తుడిచిన రాతను తిరిగి పెట్టించమనీ, ఈ తాళం తీయమనీ అధ్యక్షులవారిని ప్రాధేయపడుతూ రాశాడు.

బ్రహ్మయ్య పరిశీలించి, యంత్రం ఇప్పుడు ఎక్కడుందని అడిగాడు. లేదని భరద్వాజ జవాబిచ్చాడు. యంత్రం లేనందున లోపమూ లేదని నిర్ధారించి, ఆ ప్రశ్న పక్కన 'పరిష్కృతం' అని ముద్ర వేశాడు. సంఘం పుట్టిన నాటి నుంచి పరిష్కారమైన సమస్య అదొక్కటే కావడంతో, భరద్వాజకు ఆ సంవత్సరపు ఉత్తమ సహాయకుడి బిరుదు ఇచ్చారు.