డ్రిల్లు మాస్టారి రాయి

ఒక జాతి ఎంత ముందుకు సాగిందో, దాని అక్షరం ఎంత ముందుకు వాలిందో చూసి చెప్పవచ్చు. ఇది నా మాట కాదు, సికింద్రాబాద్ నామఫలకాల ఏకరూపతా మండలి వారి తొలి ఉత్తర్వు. (మలి ఉత్తర్వు, తొలి ఉత్తర్వును ఫ్లెక్సీ వేయించమని.)

మండలి ఆమోదించిన ఏకైక అక్షరం పేరు ‘ప్రగతి బోల్డ్ ఇటాలిక్’. ఒంపుల దగ్గర బొద్దుగా ఉబ్బి, కొసల దగ్గర వెంట్రుకంత సన్నబడి, చివర్లకు చిన్న పాదాలు తొడుక్కొని, కదిలే బస్సు ఎక్కబోయే మనిషిలా కుడివైపు వాలి ఉంటుంది. చీరల కొట్టు మీద ఒక్క పేరు రాస్తే చూడముచ్చటగానే ఉంటుంది, అబద్ధమెందుకు. కానీ మండలికి ఒక్క పేరుతో ఆకలి తీరదు. పుట్టినరోజు శుభాకాంక్షలూ అందులోనే, బోర్లు వేయబడునూ అందులోనే, ఇచ్చట మూత్రం పోయరాదూ అందులోనే. (చివరిదాన్ని జనం ఆహ్వానంగానే తీసుకుంటున్నారు.)

సమాధి రాయి కూడా నామఫలకమేనని మండలి తేల్చాక, బొల్లారం నుంచి ఎలీసబెతు గారు దాని ఆఫీసు మెట్లెక్కారు. భర్త అబ్రహాం గారు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి, ఈమధ్యే ప్రభువునందు నిద్రించారు.

“అక్షరాలు మామూలుగా, నిటారుగా ఉంటే చాలండి. ఆయన జీవితమంతా పిల్లల్ని నిటారుగా నిలబెట్టారు” అన్నారామె.

మండలి అధికారి విజయేందర్ గారు నొచ్చుకున్నారు. “ఏందమ్మా, గిట్ల నిలబడితే ఎట్ల? అక్షరం జెర ఉరుకుతున్నట్టుండాలె.”

“ఆయనిప్పుడు ఎక్కడికి పరుగెత్తాలండీ?”

విజయేందర్ గారు నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. చివరికి ఆమె కళ్లనీళ్లు చూసి కరిగారు. రాళ్లకు మండలి దగ్గరున్నది ఒకటే నమూనా, శంకుస్థాపనలది. పైన మంజూరు చేసిన అధికారి పేరు ప్రగతి బోల్డ్ ఇటాలిక్‌లో, బంగారు రంగులో ఉంటుంది. అట్టడుగున కాంట్రాక్టరు పేరు మాత్రం చిన్న నిటారు అక్షరాల్లో ఉంటుంది. అబ్రహాం గారిని కాంట్రాక్టరు చోట వేయించారు. నిటారు అక్షరాలు దొరికాయి కనుక దరఖాస్తు పరిష్కారమైనట్టు రాసుకున్నారు.

ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక ఎలీసబెతు గారు వంగి, గడ్డి తప్పించి, భర్త పేరును వేలితో వెతుక్కుంటారు. చూస్తే ఒళ్లు మండుతుంది. పక్క సమాధులకు వచ్చినవాళ్లేమో పైన మెరిసే పేరు చదివి, “అయ్యో, విజయేందర్ గారట పాపం” అని ఆ పేరు మీదే నాలుగు పూలు పెట్టి పోతుంటారు.

సంగతి తెలిసి విజయేందర్ గారు స్వయంగా వచ్చారు. రాయి మార్పిస్తారనుకున్నాం. ఆయన దూరంగా జరిగి చూశారు, దగ్గరకొచ్చి చూశారు, చివరికి ఎలీసబెతు గారి వైపు తిరిగారు.

“పూలు తీసెయ్యమ్మా. పేరుకు అడ్డమొస్తున్నయ్.”