టాంగరీరోకి సంచి సంచారం

శనివారం పొద్దున్నే, పరాయి దేశంలో తాముంటున్న టకానిని నుంచి టకటకా బయల్దేరి, నాలుగు గంటలు డ్రైవ్ చేసి, పొగలు కక్కే టాంగరీరో కొండని అత్తగారికి చూపించాలని ఉదయభాస్కర్ పథకం. రమామణిగారు కాకినాడ నుంచి దిగిన రోజునే "అగ్నిపర్వతం చూపిస్తానండీ" అని మాటిచ్చాడు. ఆర్నెల్లలో ఆ మాట చల్లారింది గానీ కొండ చల్లారలేదు. ఆదివారం ఆవిడ తిరుగు విమానం. ఆ శనివారం కాకపోతే ఇక లేనట్టే.

శుక్రవారం సాయంత్రం ఆవిడ గోడమీది క్యాలెండర్ చూసి, "రేపు శనివారం" అని నిట్టూర్చింది. అల్లుడి గుండెలో భూకంపం పుట్టింది. శనివారం ప్రయాణం ఆవిడకి పట్టింపు కాబోలు! అతనికి ఇలాంటి వాటిమీద ఇసుమంత నమ్మకం లేదు. కానీ అగ్నిపర్వతం పేలితే పరుగెత్తొచ్చు, అత్తగారు పేలితే ఎటు పరుగెత్తాలి? ఫోన్‌లో పంచాంగం తీశాడు. పొద్దున్న ఆరింటికి మంచి గడియ ఉంది. ఆ వేళకి ఆడవాళ్ళు తెమలరు. దీనికీ పెద్దలు దారి చూపారు: ప్రస్థానం. మంచి గడియలో మన వస్తువొకటి పక్కింట్లో పెట్టేస్తే మనం బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు.

తెల్లవారాక సంచిలో అత్తగారి బీపీ మాత్రలు, పులిహోర డబ్బా పెట్టాడు. రోజూ వాడే వస్తువులైతే ఫలం దిట్టంగా ఉంటుందని తన ఫోనూ, కారు తాళమూ కూడా అడుగున వేశాడు. సరిగ్గా ఆరింటికి పక్కింటి గ్రాహం గుమ్మంలో సంచిని పెట్టి, దణ్ణం పెట్టి, ఇంటికొచ్చి, "అత్తయ్యగారూ, మనం బయల్దేరిపోయాం. తీరిగ్గా స్నానం చెయ్యండి" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం అతన్ని తేరిపార చూసి, "అలాగే బాబూ" అంది.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. నిరుపమ లేవబోయింది. భర్త నోటిమీద వేలు పెట్టాడు.

"తియ్యకు."

"ఏం?"

"శాస్త్రప్రకారం మనం ఇంట్లో లేం. లేనివాళ్ళు తలుపెలా తీస్తారు?"

మళ్ళీ తట్టారు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి, ఇంట్లో లేకుండా ఇంట్లోనే కూర్చున్నారు. బయట అడుగుల చప్పుడు దూరమైంది. తర్వాత ఏదో బండి స్టార్టయిన మోత.

అందరూ తయారై వెళ్ళి చూస్తే గ్రాహం గుమ్మంలో సంచి లేదు. గ్రాహమూ లేడు. గరాజ్‌లో ఉన్న కారుకి తాళం లేదు. రెండో తాళాన్ని ఉదయభాస్కర్ కిందటి వేసవిలోనే మురివై సముద్రానికి సమర్పించుకున్నాడు.

"ఇది మీ సంచిత కర్మ," అంది నిరుపమ. అతని ఫోన్‌కి చేసింది. మోగుతోంది, ఎత్తేవాడు లేడు. పక్కింటి గుమ్మంలో వదిలిన సంచి కనబడటం లేదని వీధి ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టింది. దిక్కూ మొక్కూ లేని సంచి అనగానే ఎవరో హడలిపోయి పోలీసులకి చెప్పారు. ఓ పోలీసమ్మ మర్యాదగా వచ్చి అడిగింది.

"సంచి అక్కడెందుకు పెట్టారు?"

"మేం బయల్దేరామండీ."

"బయల్దేరి ఎక్కడికెళ్ళారు?"

"ఇంట్లోకి."

ఆవిడ రాయడం ఆపేసి, "మీరిప్పుడు ఎక్కడున్నారో మీకు తెలుస్తోందా?" అంది.

ఆవిడకి ప్రస్థానం వివరించేసరికి ఉదయభాస్కర్ బీపీకే మాత్ర కావలసి వచ్చింది. ఆవిడ తల పట్టుకుని వెళ్ళిపోయింది. నిరుపమ మాత్రం ఫోన్ చేస్తూనే ఉంది. మధ్యాహ్నం కావస్తుండగా ఎత్తారు. గ్రాహం.

"ఎక్కడున్నారు మీరు? కొండ దగ్గర పార్కింగంతా వెతికాను," అన్నాడు పాపం. "ఆంటీ మందులు మా గుమ్మంలో మర్చిపోయారు. తలుపు తడితే పలుకు లేదు, వెళ్ళిపోయారనుకున్నా. నిన్న ఫెన్స్ దగ్గర టాంగరీరో అన్నారుగా, దార్లో ఆగకుండా తెచ్చేశా. దీన్లో ఫోన్ మోగుతూనే ఉంది, డ్రైవింగ్‌లో ఎలా ఎత్తను? అన్నట్టు, ఈ పసుపు అన్నం నేను కొంచెం తినొచ్చా?"

వీడియో పెట్టమన్నారు. నల్లటి బండమీద సంచి కొలువుతీరి ఉంది. దాని వెనక కొండ, కొండ పక్కనుంచి తెల్లటి ఆవిరి. రమామణిగారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఉదయభాస్కర్ తల దించుకున్నాడు.

"క్షమించండి అత్తయ్యగారూ. మీకు శనివారం పట్టింపని ఇదంతా చేశాను."

"నాకా? మర్నాడే ఫ్లైటు కదా, మీతో ఇంకొక్క రోజే ఉందని నిట్టూర్చాను. ముప్పయ్యేళ్ళు బళ్ళో సైన్సు చెప్పినదాన్ని, నాకు గడియలేమిటి బాబూ? నీకే ఆచారం ఎక్కువ, నీ మనసు కష్టపెట్టడమెందుకని తలుపు తియ్యకుండా కూర్చున్నా."

నిరుపమ మొగుణ్ణీ, తల్లినీ మార్చి మార్చి చూసింది. ఫోన్‌లో గ్రాహం పులిహోర డబ్బా మూత తీస్తున్నాడు.

"అంటే మనింట్లో ముహూర్తాన్ని నమ్మింది ఆ సంచి ఒక్కటే," అంది. "వెళ్ళొచ్చేస్తుంది లెండి."